ఉచిత పాఠాలు వినే పద్ధతి గురించి

సభ్యులందరికీ నమస్కారం. తన కోర్సుల సామగ్రిని అందరికీ ఉచితంగా ఇస్తామని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం 2001లో ప్రకటించిన తర్వాత, ఇంట్లోనే కూర్చొని విశ్వవిద్యాలయ పాఠం వినే అవకాశం ఎంతోమందికి దక్కింది. అయితే వినడం వేరు, నేర్చుకోవడం వేరు.

ఎంఐటీలో గణితం బోధించిన గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి లీనియర్ ఆల్జీబ్రా (సరళ బీజగణితం) తొలి పాఠమే చూడండి. ఆయన బోర్డు మీద రెండే రెండు సమీకరణాలు రాసి, మొదట వాటిని ఒకచోట కలుసుకునే రెండు గీతలుగా చూపి, తర్వాత అవే అంకెలను నిలువు వరుసలుగా విడదీసి, ఆ వరుసలను ఎంతెంత పాళ్లలో కలిపితే కుడివైపు ఉన్న వరుస వస్తుందని అడుగుతారు. సరిగ్గా అక్కడ వీడియో ఆపి, ఆ రెండు బొమ్మలూ మీ చేత్తో గీయండి. నేను మొదటిసారి గీయకుండా వింటూ పోయి, నాలుగో పాఠం దగ్గర ఆగిపోయి, మళ్లీ మొదటికి రావలసి వచ్చింది.

చరిత్ర, తత్వశాస్త్రం వంటి విషయాలకు ఈ పద్ధతి అంతగా కుదరదు. యేల్ విశ్వవిద్యాలయం 2007లో ప్రారంభించిన ఉచిత కోర్సుల్లో ఉపన్యాసాలు అక్షరరూపంలోనూ దొరుకుతాయి కాబట్టి, ముందు చదివి ఆ తర్వాత వినడం మేలు.

ఒకేసారి అయిదారు కోర్సులు మొదలుపెట్టకుండా, దయచేసి ఒక్కటి ఎంచుకోండి. ఎక్కడ అర్థం కాలేదో, వీడియోలో ఎన్నో నిమిషమో ఇక్కడ రాస్తే, కలిసి చూద్దాం.