ద్రాక్ష సాళ్ల మధ్య నేలని బోడిగా వదలొద్దు

సంపాదకులు గారికి నమస్కారం. మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె దాపున ఒక పల్లె, 3 ఎకరాల ద్రాక్ష, పందిరి తోట, డ్రిప్పు ఉంది. మీ పేపర్లో సేద్యం పేజీ విడవకుండా చదువుతా. ద్రాక్ష గురించి వచ్చినప్పుడల్లా మందుల సంగతే, సాళ్ల మధ్య నేల గురించి ఎవరూ రాయట్లేదని ఈ ఉత్తరం.

మా వైపు తోటలో కసువు పోచ కనపడకుండా గుంటక తోలితేనే మంచి రైతు అంటారు, నేనూ పదేళ్లు అదే చేశా. మాకు ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ, అందులో చానా భాగం నాలుగైదు గట్టి వానల్లోనే అయిపోతుంది. తోలిన ఎర్రమట్టి మీద ఆ వాన పడితే పైన పెచ్చు కట్టి నీళ్లు ఇంకవు, ఎర్రగా వంకలోకి పోతాయి. ఒకసారి వాన వెలిసినాక పోయి చూస్తే తీగల మొదళ్ల కాడ వేర్లు బయటికి తేలి ఉన్నాయి, కడుపు తరుక్కుపోయింది.

నాలుగేళ్ల నుంచి జూన్‌లో మొదటి పదును వానకి సాళ్ల మధ్య జనుము, అంటే నేలకి బలమిచ్చే పచ్చిరొట్ట పైరు, చల్లుతున్నా, తీగ మొదలుకి రెండడుగులు వదిలి. 45 రోజులకి పూత మొదలవుతుంటే కోసి అక్కడే పరిచేస్తా. మొక్క పీకితే వేర్లకి బుడిపెలు ఉంటాయి, గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు, అంటే గాలిలో నత్రజని పట్టే పని జరుగుతోందని. పరిచిన జనుము ఎత్తి చూస్తే కింద మట్టి చల్లగా ఉంటుంది, వేళ్లు సులువుగా దిగుతాయి, వానపాములు కూడా వచ్చినాయి. ఇంకోటి, జనుము ఉన్నచోట వేర్లకి ముడులు తెచ్చే నులిపురుగు పెరగదు, అలసంద మీద అయితే అది హాయిగా బతుకుతుంది, అందుకే ఆ పురుగున్న తోటలో అలసంద వద్దంటా.

ఒక ఏడు కూలోళ్లు దొరక్క జనుముని కోయకుండా 80 రోజులు వదిలేశా. అప్పటికే నార కట్టి రోటావేటర్ బ్లేడ్లకి తాళ్లలాగా చుట్టుకుంది, మన పెద్దోళ్లు తాళ్లు పేనింది ఈ నారతోనే కదా. పైగా పందిరి దాకా ఎదిగి కింద గాలి ఆడక ఆకులకి బూజు తెగులు దిగింది. పూత కనపడిన వారంలోనే కోసేయాలి.

వీడియోల్లో కాలిఫోర్నియా తోటలు చూసి మా కుర్రోళ్లు ఏడాదంతా పచ్చిక ఉంచుదామంటారు. అక్కడ వాన పడేది చలికాలంలో, అప్పుడు తీగ ఆకు రాల్చి నిద్రలో ఉంటుంది కాబట్టి నీళ్లకి పోటీ లేదు. మనకి అక్టోబర్‌లో కాయ కోసం తీగ కత్తిరింపు అయినాక బోరు నీళ్లు కాయకే చాలవు, కాబట్టి సెప్టెంబర్ దాటినాక పచ్చగా ఏదీ ఉండకూడదు, ఎండినది పరుపులాగా ఉండాల, అంతే.

పచ్చిరొట్ట విత్తనాలు సబ్సిడీలో ఇస్తున్నారు, సంతోషమే, కానీ మా ఊరికి చేరేసరికి పదును ఆరిపోతోంది, పోయినేడు నేను బయట పూర్తి రేటు పెట్టి కొన్నా. మే ఆఖరుకల్లా రైతు చేతిలో ఉండేట్టు మీరు గట్టిగా రాయండి. జూన్ వాన తప్పిపోయినోళ్లు ఆగస్టులో ఉలవలైనా చల్లుకుంటే నేల కప్పుకుంటుంది, కత్తిరింపులోపల కోసేస్తే చాలు.

ఇట్లు,
ఒక ద్రాక్ష రైతు, అనంతపురం జిల్లా