డెయిరీ కాంపాక్ట్ (పాల ధర ఒప్పందం) పోతే కోవా ధర తగ్గుతుందా?

(2001లో మా కొట్టు కస్టమర్లకు రాసిన ఉత్తరం ఇది. ఆ ఏడాది సెప్టెంబర్ 30తో ఆ ఒప్పందం ముగిసిపోయింది.)

కస్టమర్లందరికీ నమస్కారం.

"సెప్టెంబర్ 30తో డెయిరీ కాంపాక్ట్ అయిపోతుందట, పాలు చౌకవుతాయట, మరి మీ కోవా రేటు తగ్గిస్తారా?" అని కౌంటర్ దగ్గర చాలామంది అడుగుతున్నారు. దాపరికం లేకుండా చెప్తాను: ఆశ పెట్టుకోకండి.

మసాచుసెట్స్‌తో కలిపి అమెరికా ఈశాన్య మూలనున్న ఆరు న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం ఇది. తాగే పాలకు ప్రాసెసర్లు (రైతుల పాలు కొని డబ్బాల్లో నింపి అమ్మే కంపెనీలు) కట్టే ధర వంద పౌండ్లకు 16.94 డాలర్ల కంటే తగ్గకూడదు. గ్యాలన్‌కు లెక్కేస్తే దాదాపు 1.46 డాలర్లు. ఫెడరల్ ధర, అంటే కేంద్ర ప్రభుత్వం పెట్టే కనీస ధర, అంతకంటే పడిపోతే తేడా వాళ్లే కట్టాలి, అది రైతులకు పంచుతారు. 1997 జూలై నుంచి ఇలాగే నడుస్తోంది.

దీనికి వాషింగ్టన్ అనుమతి ఎందుకంటే, రాష్ట్రాలు తమలో తాము ఒప్పందాలు చేసుకోవాలంటే కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఒప్పుకోవాలని రాజ్యాంగంలోనే ఉంది. మసాచుసెట్స్ ఒంటరిగా పెట్టిన ఇలాంటి పద్ధతిని 1994లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1996 ఫార్మ్ బిల్లులో (వ్యవసాయ చట్టంలో) అనుమతి దొరికింది, తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చారు. ఇప్పుడు వెర్మాంట్ సెనేటర్లు లేహీ, జెఫర్డ్స్ మళ్లీ పొడిగించమంటుంటే, విస్కాన్సిన్ సెనేటర్లు తమ రైతులకు నష్టమని అడ్డుపడుతున్నారు. వాళ్ల బాధా అబద్ధం కాదు.

ఇక నా సంగతి. పెద్ద పెరుగు ఫ్యాక్టరీలు కొనే పాలకు ఈ రేటు వర్తించదు. నేను మీలాగే తాగే పాల గ్యాలన్ డబ్బాలు కొని తోడుపెడతాను కాబట్టి నా మీద పడుతుంది. గ్యాలన్ పాలు గంటల తరబడి కలుపుతూ మరిగిస్తే చివరికి మిగిలేది పౌండున్నర కోవా. అంటే ప్రతి సెంటూ నాకు తెలుస్తుంది, ఒళ్లు మండుతుంది కూడా.

అయినా పొడిగించమని మన సెనేటర్లకు ఉత్తరం రాశాను. రైతుకు ధర పడిపోయినప్పుడు నా బిల్లు ఆ మేరకు తగ్గడం నేనెప్పుడూ చూడలేదు. పెరిగినప్పుడు మాత్రం మర్నాడే కొత్త రేటు. ఆ కాసిని సెంట్లు మధ్యలో మాయమయ్యే బదులు పేడ ఎత్తే మనిషికి చేరడమే నయం. చుట్టుపక్కల డెయిరీలు మూతపడితే దూరం నుంచి లారీలో వచ్చే పాలకు కిరాయి కట్టేదీ మనమే.

దసరా ఆర్డర్లు ఇప్పటి ధరకే తీసుకుంటున్నాను. కోవా కావాల్సినవాళ్లు వారం ముందు చెప్పండి, పాలు ఎక్కువ తెప్పించాలి. నా బిల్లు నిజంగా తగ్గితే ఆ వారమే బోర్డు మీద కొత్త రేటు రాస్తాను.