అన్నదమ్ముల ఉత్తరాలు, మన పిల్లల ఉత్తరాలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఎనిమిదో తరగతి పిల్లలు డ్రాయింగ్ పీరియడ్‌లో ఇద్దరు అన్నదమ్ముల ఉత్తరాల గురించి తెలుసుకుంటున్నారు. అన్న విన్సెంట్ వాన్ గో, నెదర్లాండ్స్‌లో పుట్టిన చిత్రకారుడు. తమ్ముడు థియో పారిస్‌లో చిత్రాలు అమ్మే ఉద్యోగి. అన్న తమ్ముడికి రాసినవి 650కి పైగా ఇప్పటికీ ఉన్నాయి.

దొరికిన వాటిలో మొదటిది 1872 సెప్టెంబరు నాటిది. విన్సెంట్‌కి 19 ఏళ్లు, థియోకి 15. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో అన్న దగ్గర కొద్ది రోజులుండి థియో ఇంటికి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చేసరికి నువ్వు కనబడకపోతే ఏదోలా ఉంది అని అన్న రాశాడు. హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన అక్క తిరిగి వెళ్లిన రోజు ఇంట్లో చిన్నవాళ్లు ఎలా ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

వీళ్లు పోట్లాడుకున్నారు కూడా. 1879లో విన్సెంట్ బెల్జియం బొగ్గు గనుల ప్రాంతంలో పని లేకుండా ఉన్నాడు. చూడ్డానికొచ్చిన థియో, ఏదైనా పని నేర్చుకోమని గట్టిగా చెప్పాడు. అన్న మనసు నొచ్చుకుంది. దాదాపు ఏడాది ఉత్తరాల్లేవు. తర్వాత తమ్ముడు తనకోసం 50 ఫ్రాంకులు పంపాడని తెలిసింది. మొహమాటపడుతూనే తీసుకుని, 1880 వేసవిలో చాలా పెద్ద ఉత్తరం రాశాడు: తను పనికిరానివాడు కాదని, లోపల ఏదో ఉందని, అదేమిటో తెలియడం లేదని. ఆ ఏడాదే బొమ్మలు గీయడమే తన పని అని నిర్ణయించుకున్నాడు. అన్న చనిపోయిన 1890 వరకు థియో డబ్బు పంపుతూనే ఉన్నాడు. అన్ని ఉత్తరాల్లోకీ నాకు ఆ 1880 ఉత్తరమే ఎక్కువ ఇష్టం. అలిగిన అన్న తనంతట తాను కలం పట్టాడు.

1888 అక్టోబరులో విన్సెంట్ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ అనే ఊరి నుంచి తన పడకగది బొమ్మ గీసి పంపాడు. పక్కనే రంగులన్నీ రాశాడు: గోడలు లేత ఊదా, నేల ఎర్ర పెంకులు, మంచం తాజా వెన్న పసుపు, దుప్పటి ఎరుపు. పారిస్‌లో ఉన్న తమ్ముడికి గది మొత్తం కనబడాలని ఆరాటం. అంతకుముందు రెండేళ్లు ఇద్దరూ పారిస్‌లో ఒకే ఇంట్లో ఉన్నారు. అందుకే ఆ కాలం నాటి ఉత్తరాలు చాలా తక్కువ.

థియో తన అన్న రాసిన ఉత్తరాలు దాచాడు. అన్న పోయిన ఆరు నెలలకే తనూ పోయాడు. అతని భార్య యోహానా వాటిని ఓపిగ్గా వరస పెట్టి 1914లో పుస్తకంగా తెచ్చింది. విన్సెంట్ గురించి మనకు తెలిసిన చాలా సంగతులు ఆమె చలవే.

ఇక మన సంగతి. మన పిల్లల అన్నలు, అక్కలు చాలామంది విజయవాడ, హైదరాబాద్ హాస్టళ్లలో ఉన్నారు, కొందరు అమెరికాలో ఉన్నారు. ఒక్కొక్కరూ ఒక ఉత్తరం రాసి, అందులో తమ గది బొమ్మ గీసి, రంగుల పేర్లు రాస్తారు. తోబుట్టువులు లేనివాళ్లు పెదనాన్న పిల్లలకో, పిన్ని పిల్లలకో రాయొచ్చు. మన ఇళ్లలో వాళ్లూ అన్నలు, చెల్లెళ్లే కదా.

మీరు చేయాల్సింది కొంచెమే. పిన్‌కోడ్‌తో సహా చిరునామా శనివారంలోగా పంపండి. ‘బాగా చదువుకో’ అని రాయమని చెప్పకండి. తప్పులు దిద్దకండి. కవరు అంటించాక తెరవకండి. జవాబు వస్తే స్కూలుకు చూపించక్కర్లేదు, అది పిల్లల సొంతం.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు