పైపు తయారయ్యాక ఏం జరుగుతోందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఫలానా చోట కొత్త ప్లాంటు పెట్టారు, ఇన్ని కోట్ల పెట్టుబడి, ఇంతమందికి ఉద్యోగాలు అని మీ బిజినెస్ పేజీలో రాస్తుంటారు, మేమూ చదివి సంతోషిస్తుంటాం. అదే పేపర్లో జిల్లా పేజీ అడుగున అప్పుడప్పుడూ నాలుగు లైన్ల వార్త ఒకటి ఉంటుంది: పైపులు మీద పడి కార్మికుడికి తీవ్ర గాయాలు. పేరు, వయసు, ఏ రాష్ట్రం నుంచి వచ్చాడు, ఏ ఆసుపత్రిలో చేర్చారు, కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు, అంతే. పైపులు ఎందుకు పడ్డాయి, మిల్లులో ఏ చోట పడ్డాయి, అక్కడ పైపును కదిపేది మెషీనా మనిషా, వీటిలో ఒక్కటైనా ఆ వార్తలో ఉండదు. నేను హైదరాబాద్ శివార్లలో ఒక పైపుల మిల్లులో మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ని. ఈ ఉత్తరం వాటి గురించే. కాస్త పొడుగైంది, కత్తిరించాల్సి వస్తే మొదట్లో కత్తిరించండి, చివర్లో వద్దు.

మా మిల్లులో తయారయ్యేది మీ ఇంటి బోరుకీ, గేట్లకీ, షెడ్లకీ వాడే మామూలు ఇనప పైపు. హెచ్‌ఆర్ కాయిల్‌ని, అంటే చుట్టగా వచ్చే ఉక్కు రేకుని, కావలసిన వెడల్పుకు చీల్చి, ఆ పట్టీని వరసగా రోలర్ల మధ్య నుంచి పంపితే కొంచెం కొంచెంగా గుండ్రంగా ముడుచుకుంటూ వస్తుంది, రెండు అంచులూ కలిసే చోట హై ఫ్రీక్వెన్సీ కరెంటు వాటిని కాల్చి ఎర్రగా చేస్తుంది, పక్కల నుంచి రోలర్లు గట్టిగా నొక్కుతాయి, అతుక్కుపోతుంది. రాడ్డు పెట్టి చేసే వెల్డింగ్ కాదిది. చూడ్డానికి భలే ఉంటుంది కూడా, అందుకే ఎవరైనా పెద్దవాళ్లు వస్తే యజమానులు అక్కడే నిలబెట్టి ఫొటోలు తీయిస్తారు. డబ్బు పోసేదీ అక్కడే: వెల్డర్ మీద, రోలర్ల మీద, పైపుతో పాటే పరుగెడుతూ దాన్ని కోసే కటాఫ్ రంపం మీద. రంపం దాటాక ఏముందో చూపించడానికి మాత్రం ఎవర్నీ అటు తీసుకెళ్లరు.

అక్కడుండేది ఆగకుండా వచ్చిపడే పైపులు. లైను నిమిషానికి 60 మీటర్ల వేగంతో నడుస్తోందనుకోండి, సన్న పైపులకు అదేం పెద్ద వేగం కాదు, 6 మీటర్ల పైపు 6 సెకన్లకు ఒకటి వస్తుంది. 90కి పెంచితే 4 సెకన్లకు ఒకటి. ఆ పైపు రోలర్ల టేబుల్ మీద ముందుకు దూసుకొచ్చి స్టాపర్ దగ్గర ఆగాలి, ఆగగానే కింద నుంచి కిక్కర్ చేతులు లేచి దాన్ని పక్కకు నెట్టాలి, ఏటవాలుగా ఉండే స్కిడ్ మీద అది దొర్లుకుంటూ పోయి ముందున్న పైపుల పక్కన చేరాలి, ఇదంతా వెనకాల పైపు వచ్చి గుద్దకముందే అయిపోవాలి. రెండంగుళాల బి క్లాసు పైపు, అంటే మధ్యరకం మందంతో నీలం పట్టీ వేసేది, మీటరుకు 5 కిలోలు, పైపు మొత్తం 30 కిలోలు. అది దొర్లి వచ్చి ముందు పైపుకు కొట్టుకునే చోట వేలు ఉంటే ఏమవుతుందో నేను వర్ణించక్కర్లేదు.

అసలు వేలు అక్కడికెందుకు పోయిందని మీరు అడగొచ్చు. మేనేజ్‌మెంట్లూ అదే అడుగుతాయి, కుర్రాడిది నిర్లక్ష్యం అని రిపోర్టు రాసుకుని ఫైలు మూసేస్తాయి. వచ్చి కాసేపు నిలబడి చూస్తే తెలుస్తుంది. కిక్కర్ చేతులు నాలుగైదు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో గాలి సిలిండర్. కంప్రెసర్ గాలి మిల్లంతటికీ ఒకటే లైను, అటు చివర ఎవరో దుమ్ము ఊదుకోవడానికి హోసు తెరిస్తే ఇటు ప్రెషర్ పడిపోతుంది, ఒక చేయి ముందు లేస్తుంది, ఇంకోటి ఆలస్యంగా లేస్తుంది, పైపు అడ్డం తిరిగి ఒక కొస స్కిడ్ మీదా ఇంకో కొస టేబుల్ మీదా ఇరుక్కుంటుంది. వెనక పైపు రావడానికి 6 సెకన్లు. లైను ఆపొచ్చు కదా అంటారా, ఆపితే వెల్డింగ్ దగ్గరున్న ముక్క సరిగ్గా అతకదు, అది తుక్కు, మళ్లీ నడిపించి సెట్ అయ్యేదాకా వచ్చేదీ తుక్కే, ఆ తుక్కు తూకం వేసి షిఫ్టు పేరు మీద రాస్తారు. అందుకని అక్కడున్న కుర్రాడు లైను ఆపడు, వంగి ఆ కొస పట్టుకుని ఒక్క లాగు లాగుతాడు. చేతికి గ్లౌజు ఉంటుంది, నిజమే, కానీ అప్పుడే కోసిన పైపు అంచుకి బర్, అంటే కోతలో మిగిలిన పదునైన ఇనప కొస, ఉంటుంది, అది గ్లౌజుని కూడా కోసేస్తుంది, పైగా కూలెంట్ నీళ్లతో తడిసి జారుతుంటుంది. పట్టు జారితే పైపు అతను లాగిన వైపే దొర్లుతుంది, అంటే అతని మీదికే.

ఇంకోటి చెబుతాను, ఇది మా లైన్లో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. పైపు వచ్చిందో లేదో కనిపెట్టే సెన్సారు ఒకటి ఉంటుంది. దాని మీద కూలెంటూ ఇనప పొడీ పేరుకుపోయి తప్పుడు సిగ్నల్ ఇవ్వడం మొదలుపెడుతుంది. శుభ్రం చేయాలంటే లైను ఆపాలి. ఆపరు కాబట్టి దాని ముందు చిన్న ఇనప ముక్క తీగతో కట్టేస్తారు, ఇక అది ఎప్పుడు చూసినా పైపు ఉంది ఉంది అనే చెబుతుంటుంది. ఆ తర్వాత కిక్కర్ ఎప్పుడు లేవాలో కంటితో చూసి బటన్ నొక్కేది మనిషే. రాత్రి మూడింటికి, నిద్ర ముంచుకొచ్చే వేళ, 6 సెకన్లకొకసారి.

పెద్ద పైపులు చేసే ఫ్యాక్టరీల్లో సంగతి వేరు. నీటి పథకాలకు వేసే మీటరు వెడల్పు పైపు తీసుకోండి, 10 మిల్లీమీటర్ల మందం, 12 మీటర్ల పొడవు ఉంటే బరువు దాదాపు 3 టన్నులు. దాన్ని ఎవడూ చేత్తో కదపలేడు కాబట్టి రోలర్ టేబుళ్లు, పట్టాల మీద నడిచే ట్రాలీలు, పైపును ఉన్నచోటే తిప్పే రొటేటర్లు, వ్యాక్యూమ్‌తో పట్టి ఎత్తే లిఫ్టర్లు అన్నీ ప్లాంటు కట్టే రోజే పెడతారు, లేకపోతే అసలు పనే నడవదు. అక్కడ ప్రమాదాలు ఉండవని కాదు, కానీ మెషీన్ లేకుండా మొదలుపెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. మా చిన్న పైపుకి ఆ అదృష్టం లేదు. 30 కిలోలు ఒక్కడు ఎత్తగలడు, ఎత్తగలడు కాబట్టి ఎత్తిస్తారు. ఆరంగుళాల బి క్లాసు పైపు 115 కిలోల దాకా ఉంటుంది, దాన్నీ ఇద్దరితో గడ్డపలుగు పెట్టి దొర్లించేస్తారు. నా లెక్కలో అసలు జబ్బు ఇదే, మిగతావన్నీ దాని లక్షణాలు.

ఒక మగ మనిషి మోసే బరువు 55 కిలోలు దాటితే దాన్ని తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మా 30 కిలోలు కాగితం మీద అందులోపే ఉంది. కానీ బండిల్ కట్టే చోట లెక్క చూడండి. మధ్యలో ఒకటి, చుట్టూ 6, దాని చుట్టూ 12, తర్వాత 18, ఆపైన 24, అలా 61 పైపులు పేరిస్తే ఆరు మూలల కట్ట కదలకుండా కూర్చుంటుంది. రెండంగుళాలవైతే ఆ కట్ట 1,800 కిలోల పైమాటే. పైపుల్ని లెక్కపెట్టి, వరసలు పేర్చి, పట్టీ బిగించే మెషీన్లు మార్కెట్లో ఉన్నాయి, చాలా మిల్లుల్లో మాత్రం ఆ పని చేసేది రెండు కొసల దగ్గరా నిలబడ్డ మనుషులే, ఒక్కో కట్టకి 1,800 కిలోలు వాళ్ల చేతుల మీదుగా పోతుంది. వాళ్లలో ఎక్కువమంది ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి కాంట్రాక్టర్ తెచ్చినవాళ్లు, కూలి టన్ను లెక్కన. టన్ను లెక్కన కూలి ఇస్తూ నెమ్మదిగా చెయ్యండి బాబూ అని గోడ మీద బోర్డు పెట్టడం, అదీ వాళ్లకు రాని భాషలో పెట్టడం, ఇంతకంటే వేళాకోళం ఉంటుందా?

కట్ట కట్టాక క్రేన్. రెండు బెల్టులు వేసి ఒకే హుక్కుకి తగిలించి ఎత్తుతారు. బెల్టులు పొట్టివైతే వాటి మధ్య కోణం విచ్చుకుంటుంది, ఆ కోణం 120 డిగ్రీలకు వచ్చిందంటే ఒక్కో బెల్టు మీద పడేది సగం బరువు కాదు, మొత్తం కట్ట బరువు. చదువుకున్న ఇంజినీర్లకు ఇది పాఠంలో ఉంటుంది, హుక్కు తగిలించే కుర్రాడికి ఎవరూ చెప్పరు. కట్ట కాస్త ఒరిగితే ఇంకో గండం, పట్టీ బిగుతు తగ్గి ఉంటే లోపలి పైపులు కొస నుంచి జారిపోతాయి, చుట్టూ ఉన్నవి అలాగే ఉంటాయి, మధ్యది ఒక్కటే బయటికి దూసుకొస్తుంది. స్ప్రెడర్ బీమ్ అని ఒక అడ్డ దూలం ఉంటుంది, హుక్కుకీ కట్టకీ మధ్య దాన్ని పెడితే బెల్టులు నిటారుగా దిగుతాయి, కోణం గొడవే ఉండదు, కట్ట కూడా సమంగా లేస్తుంది. అదేం రాకెట్ కాదు, బరువు లెక్క కట్టి, చేశాక టెస్టింగ్ చేయించుకుంటే మన దగ్గర వర్క్‌షాపుల్లోనే తయారవుతుంది.

మిగతావీ అంతే. కిక్కర్ చేతులన్నిటినీ ఒకే షాఫ్టుకి బిగిస్తే ఒకటి ముందూ ఒకటి వెనకా లేచే ప్రశ్నే రాదు. కిక్కర్లకు విడిగా ఒక గాలి ట్యాంకు పెడితే అటు చివర ఎవరు హోసు తెరిచినా ఇక్కడ ప్రెషర్ నిలుస్తుంది. స్కిడ్ వాలు తగ్గించి, పైపుల్ని దొర్లనివ్వకుండా గొలుసు మీద కొక్కేల మధ్య మోసుకెళ్లే ట్రాన్స్‌ఫర్ పెడితే చెయ్యి పెట్టాల్సిన అవసరమే తగ్గిపోతుంది, సందు దొరికిన చోటల్లా జాలీ కట్టి, స్కిడ్ పొడవునా ఎక్కణ్నుంచైనా లాగితే ఆగే తాడు స్విచ్ పెట్టొచ్చు. ఒక మాట యజమానుల కోసం: పైపులు ఒకదానికొకటి కొట్టుకుంటే పలచటి వాటికి సొట్టలు పడతాయి, గీతలు పడతాయి, కొసలు దెబ్బతింటే మర తియ్యడం కుదరదు, కొన్నవాడు వెనక్కి పంపుతాడు. భద్రత అంటే వినని చోట నేను సొట్టల లెక్క చెప్పి కొన్ని మార్పులు చేయించుకున్నాను, సిగ్గుపడాల్సింది నేనో వాళ్లో మీరే చెప్పండి.

చట్టం లేదా అంటే ఉంది. తిరిగే యంత్రాలకు కంచె ఉండాలని, మనిషికి గాయమయ్యేంత బరువు మోయించకూడదని, క్రేన్లనూ గొలుసులనూ తాళ్లనూ కనీసం 12 నెలలకోసారి అర్హుడైన వ్యక్తితో పరీక్ష చేయించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టంలో సేఫ్టీ ఆఫీసరు వెయ్యిమంది ఉన్న ఫ్యాక్టరీకి తప్పనిసరి, కొత్తదాంట్లో ఆ సంఖ్య 500, ప్రమాదకరమైన ప్రక్రియలు ఉంటే 250. తగ్గించడం మంచిదే. కానీ మాలాంటి మిల్లులో ఉండేది నూరు, రెండు నూర్ల మంది, అందులోనూ సగం కాంట్రాక్టర్ పుస్తకంలో. మాకు ఆ ఆఫీసరు పాతదాంట్లోనూ లేడు, కొత్తదాంట్లోనూ లేడు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫార్మా ఫ్యాక్టరీ పేలి అంత ఘోరం జరిగాక అందరి కళ్లూ రసాయన ఫ్యాక్టరీల మీదే ఉన్నాయి, ఉండాల్సిందే. అయితే ఒకేసారి పదులమంది పోయేచోటే కాదు, ఒక్కో వేలు, ఒక్కో పాదం చొప్పున పోయే చోట్లు కూడా అదే ఇండస్ట్రియల్ ఏరియాల్లో ఉన్నాయి, వాటికి ఫొటోలు ఉండవు.

పైపులు ఎక్కువగా కొనేవాళ్లలో ప్రభుత్వమూ ఒకటి. టెండర్లో ఐఎస్ఐ మార్కు అడుగుతారు, మందం అడుగుతారు. ఈ పైపులకున్న ప్రమాణం ఐఎస్ 1239 ప్రకారం పైపుని 5 మెగాపాస్కల్ నీటి ఒత్తిడితో పరీక్షించాలి, ఆ సర్టిఫికెట్ అడుగుతారు. పనిలో పనిగా ఆ పైపుని ఎత్తిన క్రేన్‌దీ బెల్టులదీ ఆ ఏటి పరీక్ష సర్టిఫికెట్ కూడా జత చేయమని ఒక లైను కలిపితే పోయేదేముంది? ఆర్డరు పోతుందంటే మా యజమానులు వారంలో తెచ్చి పెడతారు, నాకు తెలుసు.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే అధికారులకు నా మనవి, ఆఫీసులో టీ తాగి రిజిస్టర్లు చూశాక, వెల్డింగ్ దగ్గర కాదు, కటాఫ్ దాటి స్కిడ్ దగ్గర ఒక పావుగంట నిలబడండి, ఎన్నిసార్లు మనిషి చెయ్యి పైపుల మధ్యకు పోతోందో చూడండి. మీ విలేకరులు కూడా ఈసారి అలాంటి వార్త వచ్చినప్పుడు ఎస్సైని అడిగినట్టే మిల్లు ఫిట్టర్‌ని ఒకణ్ని పక్కకు పిలిచి అడగాలి: కిక్కర్ పనిచేస్తోందా, సెన్సారుకి తీగ కట్టి ఉందా, బండిల్ ఎత్తినప్పుడు స్ప్రెడర్ ఉందా. గేటు దగ్గర మాట్లాడరు, షిఫ్టు వదిలాక టీ కొట్టు దగ్గరైతే అన్నీ చెబుతారు.

ఉద్యోగం ఉండాలి కాబట్టి నా పేరు వేయవద్దు.

ఇట్లు
ఒక పైపుల మిల్లు మెయింటెనెన్స్ ఫోర్‌మన్
సంగారెడ్డి జిల్లా