పన్నెండు టెన్సుల పట్టికతో మాటలు రావు

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి సెలవులు వస్తే చాలు, మన పత్రికల చదువు పేజీల్లో పన్నెండు టెన్సుల పట్టిక మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ‘ఐ షల్ హ్యావ్ బీన్ ప్లేయింగ్’ దాకా అన్నీ ఉంటాయి. ఇంగ్లిష్ ఇంటిభాషగా ఉన్నవాళ్లు కూడా ఆ చివరి గడి జోలికి ఎప్పుడోగాని పోరు. మన పిల్లలు దాన్ని బట్టీపట్టి, నిన్న ఎక్కడికెళ్లావు అని అడిగితే నీళ్లు నములుతారు.

నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే డిగ్రీ, బీటెక్ కుర్రాళ్లలో చాలామంది ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2022’ అంటారు. హ్యావ్ పెడితే కాస్త పెద్ద ఇంగ్లిష్‌లా ఉంటుందనుకుంటారు కాబోలు. 2022లో, నిన్న, పొద్దున పదింటికి అని ఎప్పుడు జరిగిందో చెప్పేస్తే ఇక హ్యావ్ అక్కర్లేదు, ‘ఐ కంప్లీటెడ్’ చాలు. ఎప్పుడో చెప్పకుండా చదువు అయిపోయిందని మాత్రం చెప్పాలంటే అప్పుడు హ్యావ్ పెట్టుకోవచ్చు. ఇక హ్యాడ్ అయితే మరీ అలుసైపోయింది, ‘ఐ హ్యాడ్ గాన్ టు విజయవాడ యెస్టర్‌డే’ అని ఊరికే తగిలిస్తారు. నేను స్టేషన్‌కి చేరేసరికే రైలు వెళ్లిపోయింది అన్నామనుకోండి, జరిగిపోయిన రెండింటిలో ముందు జరిగింది రైలు వెళ్లడం కాబట్టి అక్కడ ‘ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్’ అనాలి, హ్యాడ్‌కి పని అలాంటిచోటే.

ఈ తప్పులు కొన్ని ఎక్కడినుంచి వస్తున్నాయో ఏ పట్టికా చెప్పదు. ‘రోజూ వాకింగ్‌కి వెళ్తాను’, ‘రేపు ఊరు వెళ్తాను’, మనకు రెండింటికీ ఒకటే ‘వెళ్తాను’. అందుకే ‘డైలీ ఐ విల్ గో ఫర్ వాకింగ్’ అనేస్తాం. అలవాటుకి విల్ వద్దు, ‘ఐ గో’ చాలు. అలాగే ‘ఐదేళ్లుగా పనిచేస్తున్నాను’ అన్నది ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అయిపోతుంది. అప్పుడెప్పుడో మొదలై ఇంకా నడుస్తున్న పనికి ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలని, మన తెలుగు వాక్యం పక్కనే పెట్టి చూపిస్తే పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. మీది తెలుగు పత్రికే కదా, ఈ పని మీకన్నా బాగా ఎవరు చేస్తారు?

అన్నట్టు, ‘హ్యావ్ యూ ఈటెన్’ కరెక్టా, ‘డిడ్ యూ ఈట్’ కరెక్టా అని కొందరు మాస్టార్లు పిల్లల్ని తెగ టెన్షన్ పెడతారు. మొదటిది బ్రిటిష్ వాళ్ల అలవాటు, రెండోది అమెరికాలో ఎక్కువ వినిపిస్తుంది, రెండూ సరైనవే. దాని మీద పిల్లల టైమ్ పాడుచేయడం దేనికి?

దయచేసి ఈసారి చదువు పేజీలో ఫోన్లో, ఆఫీసులో, ఇంటర్వ్యూలో మనం నిజంగా మాట్లాడే నాలుగు వాక్యాలు తీసుకుని, ఏది ఎక్కడ వాడాలో చెప్పండి. ఆ పట్టికను పదో తరగతి పరీక్షల ముందు వేసుకోండి, కనీసం మార్కులకైనా పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఖమ్మం