2024-25 వార్షిక నివేదిక: వల గుళ్ల సీసం

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది సంబరాలు, పిల్లలకు తెలుగు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు సభలో చదువుతాం. ఈ ఏడాది మా టైమంతా సీసానికే పోయింది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాం.

ఒడిశాలోని గంజాం తీరంలో మన జాలరి ఇళ్లలో వలకు బరువు గుళ్లు పోసుకోవడం తాతల నాటి అలవాటు. పాత బ్యాటరీ సీసాన్ని పెరటి పొయ్యి మీద కరిగిస్తాం. 327 డిగ్రీలకే కరుగుతుంది కనుక కట్టెల మంట చాలు. ఆ పొగ, దుమ్ము ఇల్లంతా పరుచుకుంటాయి. నేల మీద పాకే బిడ్డ ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఎముకల్లో ఏళ్ల తరబడి దాగి, గర్భిణి నుంచి కడుపులోని బిడ్డకూ చేరుతుంది. ప్రమాదం లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వీధి సమావేశంలో ఒక పెద్దాయన, "మా అయ్య జీవితమంతా గుళ్లు పోశాడు, ఏమైంది?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ హాని పైకి కనిపించదు. చదువు ఎక్కని పిల్లాణ్ణి మొద్దు అని తిట్టాం గానీ, పొయ్యి వైపు ఎప్పుడూ చూడలేదు.

తర్వాత పక్షుల సంగతి చెప్పాం. బాతులు మేత అరగడానికి చిన్న రాళ్లు మింగుతాయి. వేట తుపాకీ రవ్వలను, తెగిపడిన గాలం గుళ్లను కూడా రాళ్లనుకుని మింగుతాయి. పొట్టలో సీసం అరిగి నెత్తురులో కలుస్తుంది, రెక్కలు వాలిపోతాయి, పక్షి చిక్కి చస్తుంది. రవ్వ తగిలిన జంతువును తిన్న గద్దకూ, ఆ మాంసం వండుకున్న మనిషికీ విషం చేరుతుంది. హంసలు చస్తున్నాయని బ్రిటన్ 1987లో చిన్న సీసపు గాలం గుళ్ల అమ్మకం ఆపింది. అమెరికాలో 1991 నుంచి నీటి పక్షుల వేటకు సీసపు రవ్వలు నిషేధం. "మరి మన చిలిక సరస్సుకు వచ్చే బాతుల సంగతేంటి?" అని ఒక అమ్మ అడిగింది. ఆ మాటతోనే చాలామంది మనసు మారింది.

ఇనుప గొలుసు, కాల్చిన మట్టి గుళ్లు కట్టి చూశాం. గొలుసు తుప్పు పట్టింది. మట్టి గుళ్లకు బరువు చాలక విసురు వల నెమ్మదిగా మునిగింది, చేపలు జారిపోయాయి. ఈ పని ఇంకా తేలలేదు. అందాకా పోయక తప్పని వాళ్లు ఇళ్లకు దూరంగా, పిల్లలు రాని చోట పోయాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. వంట గిన్నెలో కరిగించడం మాత్రం ఈ రోజే ఆపండి.

మిగిలిన ముక్కలు, విరిగిన గుళ్లు పెరట్లో పారేయకండి. సంఘం గదిలో మూత ఉన్న ఇనుప డబ్బా పెట్టాం, అందులో వేయండి.