స్నేహితుల జాబితా ఎవరి సొత్తు?

సంపాదకులకు నమస్కారం.

2004లో మొదలై, మన కాలేజీ కుర్రకారుకు తెల్లవార్లూ స్క్రాప్‌లు (ఒకరి పేజీలో మరొకరు రాసే చిన్న సందేశాలు) రాసుకునే పిచ్చి పట్టించిన ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమాన్ని గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసివేసింది. అది మూతపడటానికి చాలా ముందే, నలుగురు స్నేహితులు ఫేస్‌బుక్‌కు తరలగానే మిగతావారూ వారి వెంటే నడిచారు. ఇలాంటి వేదికలను పెంచేదీ, ఖాళీ చేసేదీ ఆ స్నేహబంధాలే. ఇన్‌స్టాగ్రామ్‌ను ఫేస్‌బుక్ 2012లోనే కొనేసింది కనుక, నేటి పిల్లలు ఫేస్‌బుక్ నుంచి ఇన్‌స్టాగ్రామ్‌కు ఇల్లు మారినా యజమాని మారడు (ఈ తెలివికి మెచ్చుకోవాల్సిందే).

మొబైల్ నంబరు మార్చుకోకుండానే కంపెనీ మారే వెసులుబాటు దేశమంతటా 2011లో వచ్చింది. స్నేహితుల జాబితాను, ఫొటోలను, పాత సంభాషణలను మరో వేదికకు నేరుగా తీసుకుపోయే హక్కును కూడా ప్రభుత్వం చట్టబద్ధం చేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తెనాలి